ఒకేసారి వాడేవారు: ఇద్దరు

ఆ రోజుకు ఇన్‌స్పెక్టరు గారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి దుకాణానికి వెళ్లడం, ఆరు లీటర్ల గ్యాస్ హీటరు ఒకటి కొనడం, పన్నెండుకల్లా తిరిగొచ్చి నిన్నటి కూర వేడిచేసుకు తినడం, ఒక కునుకు తీయడం. తూనికలు, కొలతల శాఖలో ముప్పైయొక్కేళ్లు పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి, పక్కన టైములు వేసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. కునుక్కి కేటాయించింది నలభై నిమిషాలు.

ఇంట్లో ఆయన ఒక్కరే. భార్య పోయి ఎనిమిది నెలలైంది. కూతురు రెండు గంటల బస్సు దూరంలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. బాత్రూంలో ఇరవై రెండేళ్లుగా వేలాడుతున్న కరెంటు గీజరు అడుగు తుప్పుపట్టి నాలుగు రోజులుగా కారుతోంది. ఎంత కారుతోందని ఆయన్ని ఎవరూ అడగలేదు. అయినా కొలిచారు: గంటకు ముప్పావు గ్లాసు.

ఆ గీజరులో పట్టేవి పదిహేను లీటర్లు. ఒక మనిషి స్నానానికి సరిగ్గా సరిపోతాయి. ఆఫీసుకు టైమవుతుందని ముందు ఆయన చేసేవారు. తర్వాత ఆవిడ చేసేవారు. అంటే ఇరవై రెండేళ్లు ఆయనకు వేడినీళ్లు, ఆవిడకు గోరువెచ్చని నీళ్లు, చలికాలమైతే అవీ లేవు. రిటైరయ్యాక ఆఫీసు పోయింది గానీ ఆయన ముందు స్నానం మాత్రం పోలేదు. స్విచ్చి కూడా ఆయన ఎత్తుకే పెట్టించారు. ఆయన ఆరడుగులు. ఆవిడ రోజూ ఒక చెక్క స్టూలు ఎక్కి ఆ స్విచ్చి వేసేవారు.

"ఏమండీ, కుళాయి తిప్పగానే వేడినీళ్లొచ్చే గ్యాస్ హీటర్లు వచ్చాయట. తొట్టీ గిట్టీ ఉండదట. ఎంతమంది చేసినా అయిపోవట," అని ఆవిడ మొదటిసారి అన్నది ఆరేళ్ల కిందట. "చూద్దాం. ముందు అన్నీ సరిగా పోల్చి చూడాలి," అన్నారాయన. అన్నమాట ప్రకారం పోల్చడం మొదలుపెట్టారు. రెండొందల పేజీల నోటుబుక్కు కొని గళ్లు గీశారు. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఎంత గ్యాసు. ఎదురింటివాళ్లు హీటరు పెట్టించుకుంటే థర్మామీటరు, కొలపాత్ర పట్టుకుని వాళ్ల బాత్రూంలోకి రెండు చలికాలాలు వెళ్లొచ్చారు. మూడో చలికాలం వాళ్లు తలుపు తీయలేదు. నోటుబుక్కులో నూట ఎనభై పేజీలు నిండాయి. ఇంకో ఇరవై పేజీలుండగా ఆవిడ జబ్బుపడ్డారు. ఆ తర్వాత వేడినీళ్లు ఆస్పత్రివాళ్లే ఇచ్చారు.

కాబట్టి దుకాణంలోకి అడుగుపెట్టేసరికి హీటర్ల గురించి ఆయనకు తెలియనిదంటూ లేదు. ఒక్క మనిషికి ఆరు లీటర్లది చాలు. గాలాడని బాత్రూంలో పెట్టకూడదు, బయట బాల్కనీ గోడకు పెట్టాలి, పొగ గొట్టం బయటికి పోవాలి. కౌంటరులో ఉన్న అమ్మాయి చెప్పబోయిన ప్రతి మాటా ఆమె కంటే ముందు ఆయనే చెప్పేశారు. ఆమె పాపం ఓపికగా విని ఒక ఫారం ముందుకు జరిపింది.

"ఇది నింపండి సార్. దీన్నిబట్టే ఫిట్టరు పనిచేస్తాడు."

పేరు, చిరునామా, అంతస్తు నింపారు. నాలుగో వరుసలో 'ఇంట్లో ఒకేసారి వేడినీళ్లు వాడేవారు' అని ఉంది. పెన్ను ఆగలేదు. 'ఇద్దరు' అని రాసేసింది.

రాసింది చూసుకున్నారు. తప్పు. కొట్టేసి పక్కన సంతకం పెడితే సరిపోతుంది, అలా దిద్దించిన కాగితాలు సర్వీసులో ఎన్నో చూశారు. కానీ ఆ మాట మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు. ఆరేళ్లు పోల్చి పోల్చి చివరికి కొంటున్నది ఒక్క మనిషికి సరిపోయే హీటరా అనిపించింది. ఈసారైనా ఆవిడ వంతుకు నీళ్లు చల్లారకూడదు. అందులో అర్థం లేదని ఆయనకు తెలుసు. తెలిసే ఐదో వరుసకు దిగారు. 'వాడే సమయం' అన్నచోట 'ఉదయం ఆరు, ఇద్దరూ' అని రాశారు.

"ఇద్దరంటే పదహారు లీటర్లది తీసుకోండి సార్. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు వంటింట్లో వాడుకోవచ్చు. రంగు ఏది ఇవ్వమంటారు?"

"తెలుపు. ఆవిడకు తెలుపే ఇష్టం."

"మేడంగారికి తెలుపు," అంటూ ఆ అమ్మాయి స్లిప్పు మీద రాసుకుంది. "హీటరు మీట ఎంత ఎత్తులో పెట్టాలి సార్? మామూలుగా ఐదడుగులకు పెడతారు."

ఇన్‌స్పెక్టరు గారు జేబులోని టేపు తీయలేదు. కుడిచేయి చాచి, గాలిలో ఒకచోట అరచేయి ఆనించినట్టు పెట్టి, ఒక్క క్షణం ఆగారు. "నాలుగడుగుల రెండంగుళాలు," అన్నారు.

ఆ అమ్మాయి అదీ రాసుకుని, స్లిప్పును ఫారానికి గుచ్చి, ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

ఇక్కడివరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆయన తిన్నగా ఇంటికి వెళ్లి ఉంటే కథ కూడా ఉండేది కాదు. కానీ హీటరుకు అదనపు గొట్టం కావాలంటే గ్యాస్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి తెచ్చుకోవాలి, వెళితే అక్కడ వరుస ఉంది. ఆయన వరుసలో పద్నాలుగోవారు. దుకాణం వ్యాను మాత్రం ఎక్కడా ఆగకుండా పన్నెండుకే ఇంటి ముందు ఆగింది.

ఆ ఇంటి కింది భాగంలో ఒక దర్జీ ఆవిడ ఉంటుంది. వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది ఆమే. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు, మనిషి మిషను ముందు, చెవులు మెట్ల మీద. ఫిట్టరు పెట్టె దించి ఆమెనే అడిగాడు.

"అక్కా, పైన మేడంగారున్నారా?"

"పైన మేడం ఎవరూ లేరు బాబూ. ఆయనొక్కరే."

"స్లిప్పులో ఇద్దరని ఉందే. పొద్దున ఆరింటికి ఇద్దరూ స్నానం చేస్తారట. మేడంగారికి తెలుపు ఇష్టమట. మీట కూడా బాగా కిందికి పెట్టాలట, పొట్టి మనిషేమో."

దర్జీ ఆవిడ మిషను ఆపింది. "అది ఎవరు రాశారు?"

"సారే రాశారు. ఇదుగో ఫారం, ఇదుగో సంతకం."

అదే వేరే ఎవరైనా రాసి ఉంటే ఆమె నవ్వేసి ఊరుకునేది. కానీ ఇది ఇన్‌స్పెక్టరు గారి చేతిరాత. ఆమె దగ్గర గుడ్డ కొన్నా మీటరుకు మీటరు సరిచూసి, అర అంగుళం ఎక్కువ వస్తే కత్తిరించి వెనక్కిచ్చే మనిషి. ఆయన ఇద్దరన్నారంటే ఇద్దరే. దానికితోడు ఫిట్టరు పెట్టె విప్పి, పదహారు లీటర్ల హీటరుతో దుకాణంవాళ్లు ఉచితంగా ఇచ్చే రెండు తువ్వాళ్లు ఆమె బల్ల మీద పెట్టాడు. ఒకటి నీలం, ఒకటి గులాబీ. పైన అచ్చువేసిన కార్డు: 'మీ ఇద్దరి కొత్త ఆరంభానికి శుభాకాంక్షలతో.'

కార్డు పట్టుకున్న చేత్తోనే ఆమె ఫోను తీసి ఇన్‌స్పెక్టరు గారి వదినగారికి కలిపింది. పోయినావిడకు సొంత అక్క. ఆవిడ కూడా ఈ దర్జీ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, ఊరి అవతలి కొసన ఉంటుంది.

వదినగారు మొదట నమ్మలేదు. "ఆయన సంతకమేనా?" అని మూడుసార్లు అడిగింది. పన్నెండేళ్ల కిందట ఆయన ఆమె భర్త దుకాణంలో త్రాసు ఐదు గ్రాములు తేడా చూపిస్తోందని జరిమానా వేశారు. సొంత తోడల్లుడని కూడా చూడలేదు. ఆ తర్వాత ఏడాది పాటు రెండిళ్ల మధ్యా మాటల్లేవు. "సంతకమే అయితే నిజమే," అంది ఆవిడ బరువుగా. "మా ఆయన్నే వదలని మనిషి. లేనిది ఉన్నట్టు చచ్చినా రాయడు." అని చెల్లెలి కూతురికి ఫోను చేసింది. ఆ పిల్ల చేతిలోని రక్తపరీక్షలు పక్కవాళ్లకు అప్పజెప్పి బస్సెక్కింది.

ఇన్‌స్పెక్టరు గారు ఇల్లు చేరేసరికి ఒకటిన్నరైంది. కాగితం ప్రకారం అప్పటికి ఆయన నిద్రలో ఉండాలి. దర్జీ ఆవిడ మామూలుగా పలకరించే మనిషి, తల దించుకుని కుట్టుకుంటోంది. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఫిట్టరును వంటింటి వెనక బాల్కనీలోకి తీసుకెళ్లి గోడ చూపించారు. డ్రిల్లు మొదలైంది. దాంతోపాటు ఫోనూ మోగింది.

"మరిదిగారూ, నేను విన్నది నిజమేనా?"

"అవును వదినగారూ. పని జరుగుతోంది. సాయంత్రానికల్లా అయిపోతుంది." ఆవిడకు హీటరు సంగతి ఎలా తెలిసిందో ఆయనకు అర్థం కాలేదు గానీ, డ్రిల్లు మోతలో అడిగే ఓపిక లేకపోయింది.

"సాయంత్రానికే? మాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"ఇంత చిన్నదానికి మిమ్మల్ని శ్రమపెట్టడం ఎందుకని."

"మా చెల్లెలు ఉంటే ఏమనుకునేది మరిదిగారూ?"

"సంతోషించేది," అన్నారాయన. "ఆరేళ్లు అడిగింది వదినగారూ. నేనే వాయిదా వేశాను."

ఫోను కట్టయింది. డ్రిల్లు వల్ల అనుకున్నారాయన.

మూడున్నరకు మెట్ల మీద చాలా అడుగులు వినిపించాయి. ముందు వదినగారు, వెనక కూతురు, ఆ వెనక రెండు తువ్వాళ్లు పట్టుకుని దర్జీ ఆవిడ. కూతురు ల్యాబు కోటు కూడా విప్పలేదు. కళ్లు వాచి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలోంచి లేచారు.

"ఏమైందమ్మా? ఎవరికి ఏమైంది?"

"ఎవరామె నాన్నా?"

"ఎవరు?"

"నేను చిన్నపిల్లను కాను. మీరు ఒంటరిగా ఉంటున్నారని నాకూ తెలుసు. ఇంకొకరు తోడు కావాలంటే వద్దనను. కానీ అమ్మ పోయి ఎనిమిది నెలలు. నాకు దుకాణం స్లిప్పు చూసి తెలియాలా?"

ఇన్‌స్పెక్టరు గారు అటూ ఇటూ చూశారు. వదినగారు వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది.

"అన్నీ తెలిశాయి మరిదిగారూ, దాచి లాభం లేదు. మనిషి పొట్టి. తెలుపంటే ఇష్టం. పొద్దున్నే ఆరింటికి స్నానం చేసే అలవాటు. వేడినీళ్లు బాగా ఉండాలి. ఆరేళ్లుగా మిమ్మల్ని అడుగుతోంది. ఆరేళ్లుగా. అంటే నా చెల్లెలు బతికుండగానే. ఇక ఆమె ఎవరో చెబితే సరిపోతుంది."

ఒక్కొక్క వేలూ మడుచుకుంటుంటే ఆయనకు సంగతి అర్థమవుతూ వచ్చింది. ఆవిడ చెప్పిన ప్రతి గుర్తూ సరైనదే. ఐదింటిలో ఒక్కదానికీ తేడా లేదు. ఎవరూ లేరని ఒక్క మాటంటే ఈ గొడవ అక్కడితో తీరిపోతుంది. కానీ ఎవరూ లేకపోతే ఇద్దరని ఎందుకు రాసినట్టు? తప్పుడు లెక్క రాసి సంతకం పెట్టానని చెప్పాలి. ఎందుకు రాశారని అడుగుతారు. దానికి జవాబు ఆయన తనకే సరిగా చెప్పుకోలేదు, ముగ్గురు ఆడవాళ్ల ముందు ఎక్కడ చెబుతారు?

"ఫారం నింపింది నేనే," అన్నారు చివరికి. ఆ క్షణానికి ఆయన నోటికి అందిన మాట అదొక్కటే, అది వ్యవహారాన్ని ఇంకా చెడగొట్టింది. వదినగారు కుర్చీలో కూలబడింది. కూతురు గోడవైపు తిరిగి ఏడవసాగింది.

అప్పుడే ఫిట్టరు బాల్కనీలోంచి కేకేశాడు. "సార్, బిగించేశా. ఎత్తు ఒకసారి చూసుకోండి. మరీ కిందికి ఉన్నట్టుంది."

ఎవరూ కదల్లేదు. దర్జీ ఆవిడే వెళ్లింది, వెళ్లకుండా ఉండలేక. తెల్లటి హీటరు గోడకు విచిత్రంగా కిందికి ఉంది. అలవాటు కొద్దీ ఆమె మెడలోంచి టేపు తీసి, నేలకు ఆనించి, మీట దాకా లాగింది. యాభై అంగుళాలు. ఆ అంకె చూస్తూ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గబగబా మెట్లు దిగి, కొలతల పుస్తకం పట్టుకుని పైకి వచ్చింది.

"నావల్ల పెద్ద పొరపాటైంది," అంది. పుస్తకం విప్పి కూతురి చేతిలో పెట్టింది. "ఇది చూడమ్మా."

పెన్సిలుతో రాసిన పాత పేజీ. పైన 'మేడ మీది అమ్మగారు, నైటీ' అని ఉంది. కింద 'భుజం నుంచి మడమ దాకా: యాభై.'

కూతురు పుస్తకంతోనే బాల్కనీలోకి నడిచింది. మీట ముందు నిలబడింది. తండ్రి పోలిక, పొడగరి. మీట ఆమె భుజానికి చాలా కిందికి ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చూసింది. గోడవారగా చెక్క స్టూలు బోర్లా పడుకోబెట్టి ఉంది.

"అమ్మను ఎప్పుడు కొలిచారు నాన్నా?"

"కొలవలేదమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "నడిచేటప్పుడు భుజం మీద చెయ్యి వేసేవాణ్ని కదా. అదే ఎత్తు."

ఆయన జన్మలో కొలవకుండా చెప్పిన కొలత అదొక్కటే. దర్జీ టేపుకు అంగుళం తేడా రాలేదు.

తర్వాత అన్నీ ఆయనే చెప్పారు. ముందు స్నానం సంగతి, నూట ఎనభై పేజీల సంగతి, ఫారంలో చెయ్యి ఆగిన సంగతి. సర్వీసులో ఇతరుల నోట ఒప్పుకోలు రాయించుకున్న మనిషి, తన ఒప్పుకోలు మాత్రం తడబడుతూ చెప్పారు. కూతురు ఆయన పక్కన వచ్చి కూర్చుంది. వదినగారు గులాబీ తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, అది ఏ తువ్వాలో గుర్తొచ్చి మడిచి పక్కన పెట్టింది.

"దానికి వేడినీళ్లంటే ప్రాణం మరిదిగారూ. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చేదా, రాగానే బాత్రూంలో దూరేది. గంటకు గానీ బయటికి రాదు. మీ ఆయనకు చెప్పి పెట్టించుకోవే అంటే, చూస్తున్నారక్కా, పోలుస్తున్నారు అనేది."

ఇన్‌స్పెక్టరు గారికి ఈ సంగతి తెలియదు. ఆదివారాలు అక్కాచెల్లెళ్లు కబుర్లు చెప్పుకుంటారని ఇన్నేళ్లూ అనుకున్నారు. జుట్టు తడిగా ఉండేదేమో. ఎప్పుడూ చూసినట్టు గుర్తులేదు. అన్నీ కొలిచిన మనిషికి ఇది కంట పడలేదు. ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నారు.

ఫిట్టరు తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు దగ్గాడు. "సార్, ఏమనుకోకండి. నేను ఇంకో ఇంటికి వెళ్లాలి. ఒకసారి నీళ్లు చూసుకుంటే పోతాను."

అందరూ లేచి బాత్రూం దగ్గర గుమిగూడారు. ఇన్‌స్పెక్టరు గారు వేడినీళ్ల కుళాయి తిప్పారు. నీళ్లు వచ్చాయి. వేలు పెట్టారు. చల్లగా ఉన్నాయి. కొంతసేపు ఆగి మళ్లీ పెట్టారు. ఇంకా చల్లగా ఉన్నాయి.

ఫిట్టరు బాల్కనీలోకీ బాత్రూంలోకీ నాలుగుసార్లు తిరిగాడు. "హీటరు బాగానే ఉంది సార్. మీది పై అంతస్తు, నీళ్ల జోరు తక్కువ. ఇది పెద్ద హీటరు. ఇంత సన్నటి ధారకు వెలగదు. ఆ వంటింటి కుళాయి కూడా తిప్పండి." కూతురు వెళ్లి తిప్పింది. బాల్కనీలో చిన్న శబ్దమై నీలిమంట లేచింది. రెండు కుళాయిల్లోనూ ఆవిర్లు వచ్చాయి. ఆమె వంటింటి కుళాయి కట్టేసింది. మంట ఆరిపోయింది.

"రెండు కుళాయిలు పారితేనే వెలుగుతుంది సార్. ఒక్కరికైతే పనికిరాదు. కనీసం ఎంత జోరు కావాలో హీటరుతో వచ్చే పుస్తకంలో రాసే ఉంటుంది, మీరు చూడలేదా?"

ఇన్‌స్పెక్టరు గారు నోటుబుక్కు తెచ్చి తిరగేశారు. నూట ఎనభై పేజీల్లో ప్రతి హీటరుకూ ఎక్కువలో ఎక్కువ ఎన్ని లీటర్లో రాసుకున్నారు. తక్కువలో తక్కువ ఎంతో ఒక్క గడిలోనూ లేదు.

"పోనీండి, దానికేముంది," అన్నాడు ఫిట్టరు. "రేపే ఆరు లీటర్లది తెచ్చి మార్చేస్తా. ఈ ఫారంలో 'ఇద్దరు' కొట్టేసి 'ఒక్కరు' అని రాసి, పక్కన ఒక సంతకం పెట్టండి చాలు."

ఫారం బల్ల మీద పెట్టి పెన్ను అందించాడు. ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు సరిచేసుకున్నారు. దిద్దవలసిందే, ఆయనకు తెలుసు. పెన్ను ఆ మాట దగ్గరికి తీసుకెళ్లారు. గీజరు కారడం వినిపిస్తోంది, గంటకు ముప్పావు గ్లాసు.

మధ్యాహ్నం నుంచీ ఆ ఒక్క మాట కోసం ఏడ్చి, రెండు గంటలు బస్సులో పడివచ్చిన కూతురు, తండ్రి వేళ్ల మధ్య నుంచి పెన్ను మెల్లగా లాగేసుకుంది.

"మార్చక్కర్లేదు," అంది ఫిట్టరుతో. "ఇద్దరే."

ఫిట్టరు అందరి మొహాలూ చూసి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం ఆరింటికి ఇన్‌స్పెక్టరు గారు లేచారు. గులాబీ తువ్వాలు తలుపు వెనక కొక్కేనికి తగిలించారు. ముందు వంటింట్లోకి వెళ్లి, కుళాయి కింద బకెట్టు పెట్టి తిప్పారు. ఆ తర్వాత బాత్రూంలో ఇంకో బకెట్టు పెట్టి అక్కడి కుళాయి తిప్పారు. బాల్కనీలో మంట వెలిగిన చప్పుడు వినిపించింది. అప్పుడు, పెళ్లయిన ముప్పైనాలుగేళ్లకు, మొదటిసారి తన స్నానం ఆపుకుని, వంటింటి బకెట్టు నిండేదాకా బయట నిలబడ్డారు. వేలు పెట్టి చూశారు. బాగా వేడిగా ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచి, స్నానానికి వెళ్లారు.

రోజూ అలాగే జరుగుతోంది. ఆ ఇంట్లో ఉంటున్నది ఒక్కరేనన్న సంగతి హీటరుకు ఇంకా తెలియదు.